మన చేల కింద ఉన్నదేమిటి?

ఆళ్లగడ్డ వైపు నుంచి ఒక సంఘపెద్ద ఈమధ్య ఫోను చేశారు. క్షేమ సమాచారాలు అయ్యాక, "అయ్యగారూ, మా చేన్ల కింద బాంబు సరుకు ఉండాదంట, నిజమేనా?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు కాని ఆ నవ్వులో బెదురు ఉంది. ఫోనులో రెండు ముక్కల్లో చెప్పగలిగిన సంగతి కాదని, పత్రికలో రాస్తానని అన్నాను. ఈ వారం సంపాదకీయం ఆయన ప్రశ్నకు జవాబు.

ఆయన భయం ఉత్తపుణ్యానికి పుట్టలేదు. 2019లో ఆళ్లగడ్డ మండలం యాదవాడ దగ్గర యురేనియం అన్వేషణ కోసం బోర్లు వేయబోతే ఊరివాళ్లు ఎదురు తిరిగారు. మాజీ మంత్రి భూమా అఖిలప్రియ వాళ్ల పక్షాన నిలబడి డ్రిల్లింగ్ ఆపాలని పట్టుబట్టారు. అదే సెప్టెంబరులో నల్లమలకు అవతలి వైపున తెలంగాణ శాసనసభ ఆ అడవిలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఐదేళ్ల తర్వాత, 2024 చివర్లో, కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో 68 బోర్లు వేయాలన్న ప్రతిపాదన బయటికి రాగానే చుట్టుపక్కల ఊళ్లన్నీ రోడ్డెక్కాయి. చివరికి అక్కడ తవ్వకాలు ఉండవని ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది. ఈ మూడు చోట్లా పని ఆగింది జనం కూడి అడిగినందుకే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ముందు నేల సంగతి. కడప బేసిన్ అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే చంద్రవంక ఆకారపు రాతి పళ్లెంలో మన నంద్యాల లోయ ఒక భాగం. ఇక్కడి రాతి పొరలకు వాళ్లు పెట్టిన పేర్లు చూస్తే మన బస్టాండులో నిలబడి బోర్డులు చదివినట్టుంటుంది: బనగానపల్లె క్వార్ట్‌జైట్, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోవెలకుంట్ల సున్నపురాయి, అన్నిటికంటే పైన నంద్యాల షేల్. ఈ పళ్లెం అంచుల్లోనే యురేనియం దొరుకుతోంది. పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో అది వేంపల్లె సున్నపురాతి పొరలో ఉంది. నాగార్జునసాగర్ పక్కన లంబాపూర్, పెద్దగట్టుల్లోనూ, పల్నాడులో కొప్పునూరు దగ్గరా అడుగున ఉన్న గ్రానైటూ దాని మీది పొరలూ కలిసే చోట ఉంది. హైదరాబాదు బేగంపేటలో కేంద్ర కార్యాలయం ఉన్న అణు ఖనిజాల అన్వేషణ సంస్థ దశాబ్దాలుగా ఈ అంచుల వెంబడే వెతుకుతోంది. ఆళ్లగడ్డకు ఆ సంస్థ రావడంలో ఆశ్చర్యం లేదు.

అయితే యురేనియం దొరికితే బాంబు దొరికినట్టేనా? కాదు. నేలలోంచి తీసిన యురేనియంలో 99.3 శాతం యురేనియం-238 అనే బరువు రకం. అది బాంబుకు నేరుగా పనికిరాదు. గొలుసుకట్టుగా విచ్ఛిన్నమయ్యే యురేనియం-235 కేవలం 0.7 శాతం. దాన్ని వేరుచేసి పోగుచేయడం చాలా ఖర్చుతో, కష్టంతో కూడిన పని. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద వేసిన బాంబులో అలా శుద్ధి చేసిన యురేనియం 64 కిలోలు ఉంది.

రెండో దారి ఇంకా సూక్ష్మమైనది. పనికిరాదన్న ఆ 238 రకాన్నే రియాక్టరులో పెడితే, అది న్యూట్రాన్‌ను మింగి కొన్ని రోజుల్లో ప్లుటోనియంగా మారుతుంది. ప్రకృతిలో లెక్కకు రానంత తక్కువగా తప్ప దొరకని మూలకం ఇది. గ్లెన్ సీబోర్గ్ బృందం 1941 ఆరంభంలో అమెరికాలోని బర్క్‌లీలో దీన్ని గుర్తించింది. ప్లూటో గ్రహం పేరు మీద దీనికి ఆ పేరు పెట్టారు. ఆ గ్రహానికి పేరు వచ్చింది రోమనుల పాతాళ దేవుడి నుంచి. గుర్తించి ఐదేళ్లు నిండకముందే సుమారు ఆరు కిలోల ప్లుటోనియం ఒక నగరాన్ని కాల్చేసింది.

ఆ నగరం నాగసాకి. 1945 ఆగస్టు 9, ఉదయం 11 గంటల 2 నిమిషాలు. విమానం మొదట బయలుదేరింది కొకురా నగరానికి. అక్కడ లక్ష్యం కనబడకపోవడంతో నాగసాకికి మళ్లింది. బాంబు పేలింది ఉరకామి లోయ మీద. ఉరకామి ప్రధాన దేవాలయం ఆ చోటుకు సుమారు 500 మీటర్ల దూరంలో ఉంది. రెండున్నర శతాబ్దాల పాటు రహస్యంగా విశ్వాసాన్ని కాపాడుకున్న క్రైస్తవుల వారసులు కట్టుకున్న గుడి అది. ఆగస్టు 15 పండుగ కోసం పాప సంకీర్తనకు వచ్చినవాళ్లు ఆ సమయంలో లోపల ఉన్నారు. ఆ విచారణలోని 12,000 మంది విశ్వాసుల్లో దాదాపు 8,500 మంది చనిపోయారని అంచనా. ఆ బాంబు వేసిన దేశం కూడా క్రైస్తవ దేశమని చెప్పుకునేదే. బాంబు వేసిన దళాలకు టినియన్ దీవిలో ఆత్మీయ సేవ చేసిన గురువు జార్జ్ జబెల్కా, అప్పుడు నోరు మెదపనందుకు తర్వాతి కాలంలో బహిరంగంగా పశ్చాత్తాపపడ్డారు.

బాంబులో యురేనియం, ప్లుటోనియం మాత్రమే ఉండవు. మొదటి తరం బాంబుల్లో నడుమ పొలోనియం, బెరీలియం కలిపిన చిన్న గుండు పెట్టేవారు; సరైన క్షణంలో న్యూట్రాన్లు చిమ్మి నిప్పు రాజేయడం దాని పని. హైడ్రోజన్ బాంబులో బరువైన హైడ్రోజన్ రకాలు డ్యుటీరియం, ట్రిటియం కలిసిపోయి పేలుతాయి. ట్రిటియాన్ని బాంబు లోపలే పుట్టించడానికి లిథియం వాడతారు. అదే లిథియం మీ చేతిలోని ఫోను బ్యాటరీలోనూ ఉంది. అందుకే ఒక మూలకాన్ని 'మంచిది', 'చెడ్డది' అనలేం. బెరీలియం, లిథియం ఖనిజాలు మొన్నటిదాకా మన దేశంలో అణు ఖనిజాల జాబితాలో ఉండేవి. 2023 ఆగస్టులో గనుల చట్టాన్ని సవరించి వాటితో కలిపి ఆరింటిని ఆ జాబితా నుంచి తీసి, ప్రైవేటు కంపెనీలకు తెరిచారు. యురేనియం, థోరియం మాత్రం ఇంకా ఆ జాబితాలోనే ఉన్నాయి.

ఈ వరసలో తెలుగు నేలకు ఉన్న చోటు చిన్నది కాదు. తుమ్మలపల్లెలో తీసిన యురేనియం పసుపుపచ్చ ముద్దగా మారి హైదరాబాదులోని అణు ఇంధన సముదాయానికి వెళ్తుంది. భారజలం మణుగూరులో తయారవుతుంది. థోరియం ఉండే మోనజైట్ మన ఉత్తర కోస్తా ఇసుకలో ఉంది. ఇన్ని ఉన్నా వీటి గురించి మన ఊళ్లలో ఒక్క సభ కూడా జరగదు. గంజాయి మీద, మద్యం మీద కూటాలు పెడతాం కాని దీని మీద పెట్టం. ఈ విషయంలో పత్రికలవాళ్లం మేమూ తప్పించుకోలేం.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు నేరుగా వద్దాం. తెలుగు నేల యురేనియం బాంబుకు వెళ్తుందా, కరెంటుకా? కరెంటుకనే ప్రభుత్వం చెబుతుంది. దేశంలో వాడే యురేనియంలో అత్యధిక భాగం విద్యుత్ రియాక్టర్లకే పోతుందన్నది నిజం. కాని ఇక్కడ మనలో చాలామందికి తెలియని ఒక ఏర్పాటు ఉంది. 2008లో అమెరికాతో అణు ఒప్పందం, దాని వెంట అణు సరఫరాదారుల బృందం మినహాయింపు వచ్చాక, మన రియాక్టర్లు రెండు వర్గాలయ్యాయి. ఒక వర్గం అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీ కింద ఉంటుంది. రెండో వర్గానికి ఆ తనిఖీ లేదు. కజకిస్తాన్, కెనడా, రష్యాల నుంచి కొన్న యురేనియం మొదటి వర్గానికే వాడాలి. స్వదేశంలో తవ్విన యురేనియానికి అటువంటి షరతు లేదు. దాన్ని విద్యుత్తుకు వాడవచ్చు, ఆయుధ ప్లుటోనియం తయారయ్యే రియాక్టరుకూ వాడవచ్చు. ఎంత ఎటు వెళ్లిందో బయటివాళ్లకు చెప్పనక్కర లేదు. కొన్న యురేనియం వచ్చి పడేకొద్దీ సొంత యురేనియం చేతికి ఖాళీ అవుతుంది. అంటే బయటి లెక్కలకు చిక్కకుండా వాడుకోగలిగింది మన చేల కింది యురేనియమే.

ఎంత కావాలో నేను వేసుకున్న లెక్క చెబుతాను. తుమ్మలపల్లె రాయిలో యురేనియం ఆక్సైడ్ సుమారు 0.04 శాతం. టన్ను రాయి పిండిచేస్తే అరకిలో కూడా రాదు. అక్కడి ప్లాంటు సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల రాయి. సహజ యురేనియంతో నడిచే ధ్రువ లాంటి రియాక్టరులో ఒక బాంబుకు సరిపడే ప్లుటోనియం రావాలంటే ఐదారు టన్నుల యురేనియం కావాలి. తీతలో పోయేది తీసేసి లెక్క కడితే, పూర్తి సామర్థ్యంతో నడిచే అంత ప్లాంటుకు అది వారం, పది రోజుల పని. ఆ యురేనియం అలా వెళ్లిందని నేను అనడం లేదు. విద్యుత్తుకు కావలసినదానితో పోలిస్తే ఆయుధానికి కావలసింది చాలా కొంచెం కనుక, 'ఎక్కువ భాగం కరెంటుకే' అన్న మాట నిజమైనా, మన ప్రశ్నకు అది జవాబు కాదని మాత్రం అంటున్నాను. స్టాక్‌హోంలోని శాంతి పరిశోధనా సంస్థ 2025 అంచనా ప్రకారం భారతదేశం దగ్గర 180 అణ్వాయుధాలు ఉన్నాయి. ప్రపంచం మొత్తం మీద పన్నెండు వేల పైచిలుకు.

దేశ రక్షణ వద్దా అని అడిగేవారు ఉంటారు. పక్క దేశాల దగ్గర బాంబులున్నప్పుడు మనమెలా ఊరుకుంటామని అడుగుతారు. ఆ ప్రశ్నను కొట్టిపారేయను. మన సంఘాల్లో సైన్యంలో పనిచేసే బిడ్డల తల్లిదండ్రులు ఉన్నారు, వాళ్ల భయాలు నాకు తెలుసు. నాగసాకిని తలుచుకున్నాక మాత్రం, బాంబు మనదైతే పరవాలేదన్న మాట నా నోట రాదు. పోపు ఫ్రాన్సిస్ 2019 నవంబరులో హిరోషిమా, నాగసాకి వెళ్లినప్పుడు, వాడటమే కాదు, అణ్వాయుధాలను దగ్గర ఉంచుకోవడం కూడా అనైతికమని చెప్పారు. రోము సంఘంతో మనకు ఉన్న భేదాలు భేదాలే, ఈ మాటలో ఆయన వెంట నిలబడటానికి నాకు ఇబ్బంది లేదు. 2017లో 122 దేశాలు అణ్వాయుధాల నిషేధ ఒడంబడికకు ఓటు వేశాయి. 2021 జనవరి 22 నుంచి అది అమల్లో ఉంది. భారత్ అందులో లేదు, అణ్వాయుధాలున్న ఏ దేశమూ లేదు.

అయితే ఆళ్లగడ్డ రైతుకు బాంబు దూరంగా ఉంటుంది, వ్యర్థం దగ్గరగా ఉంటుంది. రోజుకు 3,000 టన్నుల రాయిలో టన్నుకు కాస్త అటూ ఇటూ సరుకు బయటికి పోతే, మిగిలినదంతా బురదగా చెరువులోకి వస్తుంది. అందులో రాయికి మొదట ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం అలాగే ఉంటుంది. ఎందుకంటే యురేనియాన్ని తీశారు గాని దాని సంతానాన్ని తీయలేదు. థోరియం-230 సగానికి తగ్గడానికి 75,000 ఏళ్లు పడుతుంది. దాని నుంచి వచ్చే రేడియంకు 1,600 ఏళ్లు. రేడియం నుంచి రేడాన్ వాయువు వస్తూనే ఉంటుంది. క్రీస్తు పుట్టిన నాటి రేడియం ఉంటే, ఈ రోజుకూ దానిలో నలభై శాతానికి పైగా మిగిలి ఉండేది.

తుమ్మలపల్లెలో రాయి సున్నపు జాతిది కాబట్టి ఆమ్లం వాడరు, సోడా ద్రావణాలతో కడుగుతారు. 2007లో శంకుస్థాపన, 2012లో ఉత్పత్తి. ఆ తర్వాత కొన్నేళ్లకే కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె వైపు రైతులు బోర్లలో నీళ్లు పాడయ్యాయనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ మొరపెట్టుకోవడం మొదలైంది. వ్యర్థాల చెరువు అడుగున వేయవలసిన పొర సరిగా వేయలేదని శాస్త్రవేత్త కె. బాబూరావు ఫిర్యాదు చేశారు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నోటీసులిచ్చి నిపుణుల కమిటీ వేసింది. తమ వల్ల కాదని యురేనియం కార్పొరేషన్ వాదన. ఆళ్లగడ్డకు తుమ్మలపల్లె మ్యాపు మీద గీత గీస్తే తొంభై కిలోమీటర్ల చిల్లర దూరం. వెళ్లి చూసి రాదగిన దూరమే. మన దగ్గర మెట్ట భూములే కాదు, కుందూ ఉంది, కేసీ కాలువ ఉంది, తెలుగుగంగ ఉంది. పక్కనే నల్లమల, అందులో చెంచు గూడేలు. ఇక్కడ నీరు ఒక చోట ఆగేది కాదు.

ఇంతకూ ఈ సంగతి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొదట గుర్తుంచుకోమన్న మాట కోసం. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఆఫీసు మెమొరాండం ఇచ్చింది. దాని ప్రకారం అణు ఖనిజాల, కీలక ఖనిజాల గనులకు పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. విస్తీర్ణం ఎంతైనా సరే పరిశీలన ఢిల్లీలోనే జరుగుతుంది. దేశ రక్షణ, వ్యూహాత్మక అవసరాలు కారణమని చెప్పారు. అంతకుముందు 2003 ఆగస్టులో పెద్దగట్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు నల్గొండ జనం తరలి వచ్చి మాట్లాడారు. ఆ గని ఇంతవరకు తెరుచుకోలేదు. ఇకపై అటువంటి షామియానా వేయరు, అటువంటి మైకు పెట్టరు. పోయిన డిసెంబరులో పార్లమెంటు అణువిద్యుత్ రంగాన్ని ప్రైవేటుకు తెరుస్తూ కొత్త చట్టం చేసింది. దాని ఆంగ్లపు పొడి అక్షరాలు కలిపితే వచ్చే పేరు 'శాంతి'. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణువిద్యుత్ లక్ష్యం. అన్ని రియాక్టర్లకు ఇంధనం కావాలి, కాబట్టి బోర్లు వేసే యంత్రాలు మళ్లీ రాకుండా ఉండవు.

నాబోతు ద్రాక్షతోట కథ మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. అహాబు చేసిన అన్యాయం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఒక సంగతి మాత్రం అందరూ దాటిపోతారు. అహాబు ముందు అడిగాడు. నాబోతు ఎదుట నిలబడి, దీనికి బదులు మంచి తోట ఇస్తాను, లేదా వెల ఇస్తాను అన్నాడు. నాబోతు కుదరదన్నాడు. ఆ తర్వాతే కుట్ర. ఆ మెమొరాండం చదివినప్పుడు నాకు ఆ మొదటి సన్నివేశం గుర్తుకొచ్చింది.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. అమెరికా తొలి బాంబులకు యురేనియం చాలావరకు బెల్జియం ఏలుబడిలోని కాంగోలో షింకోలోబ్వే గని నుంచి వచ్చింది. కొంత కెనడా ఉత్తరాన గ్రేట్ బేర్ సరస్సు ఒడ్డు గని నుంచి వచ్చింది. అక్కడ డెనె అనే ఆదివాసులు ఆ ఖనిజపు గోనెసంచులు భుజాన వేసుకుని పడవల్లోకి మోశారు. ఆ సంచుల్లో ఏముందో, ఎక్కడికి పోతోందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మోసినవాళ్లలో చాలామంది తర్వాత క్యాన్సర్‌తో పోయారని ఆ ఊరు చెప్పుకుంటుంది. దెలినే గ్రామానికి విధవల ఊరన్న పేరు వచ్చింది. 1998 ఆగస్టులో ఆ ఊరి నుంచి ఒక బృందం హిరోషిమా వెళ్లింది. తమ నేల నుంచి వెళ్లిన రాయి వల్ల జరిగినదానికి బాధపడుతున్నామని అక్కడివారితో చెప్పింది. బాంబు తయారుచేసినవాళ్లు కాదు, వేసినవాళ్లు కాదు. సంచులు మోసినవాళ్ల బిడ్డలు.

పెద్దాయనకు మళ్లీ ఫోను చేసి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి మేం ఇప్పుడు చేయగలిగింది ఏముంది అయ్యగారూ?" అన్నారు. ఒకటి చెప్పాను. యంత్రం రాకముందే మీ నీళ్ల లెక్క మీ దగ్గర ఉండాలి. తాగే నీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన అణుశక్తి నియంత్రణ మండలి 60 వరకు పరవాలేదంది. మీ బోర్లో ఈ రోజు ఎంత ఉందో మీకు తెలియాలి. మన రాయలసీమ నీళ్లలో కొన్నిచోట్ల సహజంగానే కొంత ఉంటుంది. అది ముందే రాసి పెట్టుకోకపోతే, రేపు నీళ్లు మారాయని అన్నా, మొదటి నుంచీ ఇంతే అంటారు. పంచాయతీ తీర్మానం చేసి, నాలుగైదు చోట్ల నమూనాలు తీసి, పరీక్ష కాగితాలు పంచాయతీ ఆఫీసులో ఒకటి, సంఘం రిజిస్టరులో ఒకటి దాచండి. ఇందులో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అన్న తేడా లేదు, ఊరంతా కలిసి చేయవలసిన పని ఇది.

ఖర్చెంత అవుతుందని అడిగారు. కనుక్కుని చెబుతానన్నాను. అంతవరకు ఆగనని, రెండు సీసాలు కడిగి పెట్టుకుంటానని అన్నారు. ఒకటి కుందూ ఒడ్డున ఆయన అన్నగారి చేని బోరుకు, రెండోది గుడి ఆవరణలోని చేతిపంపుకు.